తొమ్మిదేళ్ల కొత్తిల్లు

నరేంద్రబాబుకు రెండిళ్లు. ఒకటి ఉండే ఇల్లు, రెండోది దానికి ఎదురుగా ఉన్న కొత్తిల్లు. కొత్తిల్లు కట్టి తొమ్మిదేళ్లయింది. అయినా ఆయన గానీ, భార్య వనజాక్షి గానీ, ఆ వీధిలో మరెవరైనా గానీ దాన్ని ఇంకో పేరుతో పిలిచింది లేదు. వాడితే కదా పాతబడేది అంటాడు నరేంద్రబాబు. ఆ సూత్రం ప్రకారం ఆయన పెళ్లికి వచ్చిన గాజు గ్లాసుల సెట్టూ కొత్తదే, రిటైరైన రోజు ఆఫీసు వాళ్లిచ్చిన సూట్‌కేసూ కొత్తదే.

గృహప్రవేశం మాత్రం ఘనంగా చేశారు. ఆవును లోపలికి తోలారు. ఆ ఇంట్లో అన్ని గదులూ తిరిగి, ఒక మూల నిలబడి, నిమ్మళంగా నెమరు వేసుకున్న ప్రాణి ఇప్పటిదాకా ఆ ఆవొక్కటే. నాలుగు వందల మందికి భోజనాలు పెట్టి, సాయంత్రానికి తాళం వేశారు. ఫ్యాను రెక్కలకు ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. స్విచ్చుల మీద కంపెనీ స్టిక్కర్లు అలాగే ఉన్నాయి. గోడకు ఒక్క మేకు లేదు. గేటు పక్కన నల్లరాయి మీద బంగారు రంగులో 'వనజా నిలయం' అని చెక్కించారు.

కోవూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఉప్పుగాలి మొదలయ్యే చోట ఉంది ఆ ఉద్యోగుల కాలనీ. మొత్తం అరవై రెండిళ్లు. అందులో ఇరవై మూడింటికి తాళం. మూడేళ్ల కిందట రోడ్డవతల రొయ్యల ఫ్యాక్టరీ పెట్టారు. రొయ్యల తలలు తీయడానికి, ఐసు కొట్టడానికి, పెట్టెలు సర్దడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. ఫ్యాక్టరీకి మనుషులు దొరికారు గానీ మనుషులకు ఇళ్లు దొరకలేదు. కిరాణా అంగడి వెనక గోడౌన్లో రెండు కాపురాలు, మూతపడిన కోళ్లఫారంలో ఆరు కాపురాలు, సగంలో ఆగిపోయిన కల్యాణమండపం వంటగదిలో ఒక కాపురం. కాలనీ పెద్దలకు ఇదంతా తెలుసు. సాయంత్రం వాకింగులో ఈ ఇళ్ల కరువు గురించి వాళ్లు చాలా బాధపడేవాళ్లు. తాళం వేసిన తమ ఇంటి ముందుకొచ్చేసరికి మాట ఆపి, కాంపౌండు గోడను ఎవరైనా పాడుచేశారేమోనని చూసుకుని, మళ్లీ బాధ అందుకునేవాళ్లు.

నరేంద్రబాబు కొత్తింటిని బాడుగకు ఇవ్వనని ఏనాడూ అనలేదు. అలా అంటే స్వార్థం అనుకుంటారు. ఆదివారం పూట పది నుంచి పన్నెండు దాకా, ఇల్లడగడానికి వచ్చినవాళ్లను వరండాలో నిలబెట్టి మాట్లాడేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు జనం ఆయన టేబుల్ ముందు నిలబడేవాళ్లు. రిటైరయ్యాక ఎవరూ నిలబడటం లేదు. ఆదివారాలు ఆ లోటు తీర్చాయి. ఏ ఊరు, ఏ పని, ఎంతమంది, ఎవరి తాలూకు, చుట్టాలొస్తారా, వస్తే ఎన్నాళ్లుంటారు, పిల్లలు గోడల మీద గీస్తారా, ఇంట్లో కారం దంచుతారా, నీచు తింటారా. ఆఖరి ప్రశ్న అడిగే వేళకు ఆయన వేళ్లకు నిన్నటి బొమ్మిడాయిల పులుసు వాసన ఇంకా పోయుండేది కాదు. తను తింటే అది భోజనం. బాడుగకుండేవాళ్లు తింటే అది గోడలకు పట్టే కంపు.

ప్రశ్నలన్నీ అయ్యాక తాళాల గుత్తి తీసుకుని, వాళ్ల చేత చెప్పులు విప్పించి, కొత్తిల్లు గది గదీ చూపించేవాడు. వంటగదిలో రాతి బల్ల, పడగ్గదిలో అల్మారాలు, వెనక బట్టలారేసుకునే చోటు. వచ్చిన ఆడమనిషి పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలా అని మనసులో అనుకుంటున్నట్టు మొహంలో తెలియగానే బయటికి తీసుకొచ్చి తాళం వేసేవాడు. వేసి, "చెప్తాం" అనేవాడు. తొమ్మిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆయనకు ఆకలి బాగా వేసేది.

ఇక వనజాక్షి భయం వనజాక్షిది. దీపం లేని ఇంట్లో జ్యేష్ఠాదేవి చేరుతుందని ఆమె నమ్మకం. జ్యేష్ఠాదేవి ఆదివారం వచ్చి వరండాలో నిలబడి అడిగే రకం కాదు గదా. అందుకని ప్రతి శుక్రవారం కొత్తింటి ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి, గడప మీద దీపం పెట్టాలి. ఈ పని మొదట్లో ఆమే చేసేది. మోకాళ్ల నొప్పులు వచ్చాక, కాలనీలో చేపలమ్మే నాగులమ్మకు అప్పగించింది. చేపలు ముట్టిన చేత్తో దీపమేమిటని ఆమెకు మొదట పట్టింపు వచ్చింది గానీ, మోకాళ్లు వంచి చూసుకునేసరికి ఆ పట్టింపు పోయింది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. గడప దాటి లోపలికి పోకూడదు. నాలుగేళ్లుగా నాగులమ్మ ఆ గడపకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, దీపం పెట్టింది. దాటలేదు.

ఒక శుక్రవారం నాగులమ్మ దీపం పెట్టి, అగ్గిపెట్టె తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఇవ్వకుండా నిలబడింది.

"అమ్మా, నా బిడ్డ వాణికి ఏడో నెల. వాళ్లుండే గది మాల్యాద్రిది. పురుడొస్తే మైలంట, ఈ నెలాఖరుకి ఖాళీ చెయ్యమంటా ఉండాడు. నా గుడిసెలో నేనే కాళ్లు ముడుచుకుని పడుకుంటా. మీ కొత్తిల్లు ఊరికే ఉండాది గదమ్మా."

"ఊరికే యాడుందే?" అంది వనజాక్షి. "తాళమేసి ఉండాం గదా."

అయినా ఆమె కాదనలేదు. ఆదివారం రమ్మంది.

ఆదివారం వాణి, ఆమె మొగుడు శివ వచ్చారు. శివది రొయ్యల ఫ్యాక్టరీలో ఐసు గదిలో పని. పొద్దున్నే రెండుసార్లు సబ్బు రుద్దుకుని వచ్చాడు, అయినా నరేంద్రబాబుకు నాలుగడుగుల దూరంలోనే నిలబడ్డాడు. వాణి వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి గానీ అవి కూడా కొత్తవి. నరేంద్రబాబు ఒక్క ప్రశ్న వదలకుండా అడిగాడు. నీచు తింటారా అని జాలరోళ్ల పిల్లను అడగడం ఆయనకే కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది, కానీ పద్ధతి పద్ధతే. వాణి తింటామనే చెప్పింది. ఆయన ఆ మాటకు బాధపడినట్టు తల ఊపి, వాళ్లకు ఇల్లు చూపించాడు. వంటగది కిటికీ దగ్గర వాణి ఆగింది. అక్కడ గాలి బాగా వస్తోంది. ఆమె కిటికీ రెక్క మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది. నరేంద్రబాబు అది చూసి, సమయమైందని తాళం తీసుకున్నాడు.

ఇక చెప్తాం అనబోతుంటే వనజాక్షి అడ్డం వచ్చింది. మేమివ్వం అని ఉత్తినే చెప్పడం ఆమెకు ఇష్టం ఉండదు. ఎదుటివాళ్ల మేలు కోరి చెప్పాలి.

"ఏడో నెల్లో ఇల్లు మారకూడదమ్మా. ఉన్నచోటి నుంచి కదలకూడదు. మేమిచ్చినా నువ్వు రాకూడదు."

"వాళ్లు పొమ్మంటా ఉండారమ్మా," అంది వాణి. "ఇంక పదమూడు రోజులుండాది."

నరేంద్రబాబుకు ఇక్కడ ఉత్సాహం వచ్చింది. తన ఇంటి సంగతి దాటి వేరేవాళ్ల ఇంటి సంగతికి వస్తే ఆయనకు ఎప్పుడూ ధర్మం బాగా గుర్తొస్తుంది.

"మాల్యాద్రికి నేను చెప్పినానని చెప్పు. గర్భిణి మెట్టిన ఇంటి నుంచి కానుపయ్యేదాకా ఆమెను కదిలించకూడదు. కదిలిస్తే కదిలించినోళ్ల ఇంటికే తగులుతుంది. ఇది శాస్త్రం. నేను చెప్పేది కాదు."

ఏ శాస్త్రంలో ఉందని ఎవరూ అడగలేదు. ఆయనకూ తెలియదు. కానీ ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. ఆ సాయంత్రం వాకింగులో నలుగురికీ చెప్పాడు. మాల్యాద్రి ఎంత రాతిగుండె మనిషో, కడుపుతో ఉన్న పిల్లను వీధిలో పెడతాడా, మనలో మానవత్వం ఎంత తగ్గిపోతోందో, అంతా చెప్పాడు. నలుగురూ ఔనన్నారు. మాట మాల్యాద్రి దాకా పోయింది. శాస్త్రం సొంత ఇళ్లకు గానీ బాడుగ గదులకు కాదని అతను తిరిగి కబురు పంపాడు.

ఈలోగా పంచాయతీలో ఒక తీర్మానం చేశారు. ఏడాదికి మించి తాళం వేసి ఉన్న ఇళ్లన్నీ రాసుకుంటారు. ఓనర్ల పేర్లు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. ఇంటిపన్ను రెట్టింపు చేస్తారు. బాడుగకు ఇచ్చినవాళ్లకు మాత్రం పన్ను తగ్గిస్తారు. కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. కాలనీ వాళ్లు మూడు చదివారు.

కాలనీ సంఘం అధ్యక్షుడు హజరత్తయ్య ఇంట్లో మీటింగు పెట్టారు. ఆయనకు తాళం ఇళ్లు మూడు, అందుకే అధ్యక్షుడు. ఖాళీగా ఉంచుకోవడం కూడా ఒక రకంగా వాడుకోవడమేనని ఒకాయన వాదించాడు. కష్టపడి కట్టుకున్న ఇంట్లో ఎవరూ ఉండకుండా చూసుకునే స్వేచ్ఛ కూడా లేకపోతే ఇక ప్రజాస్వామ్యం ఎందుకన్నాడు ఇంకొకాయన. కలెక్టరుకు అర్జీ పెట్టాలని ఏకగ్రీవంగా తేల్చారు. మొదటి సంతకం ఎవరిదనే దగ్గర ఏకగ్రీవం ఆగింది. చివరికి అర్జీ మానేసి, ఎవరి తాళం ఇంటికి వాళ్లు మనుషులున్న కళ తెచ్చుకోవాలని నిర్ణయించారు. పాలకోవాలు తిని లేచారు.

ఇళ్లు రాసుకోవడానికి వచ్చేది పంచాయతీ ఆఫీసులో పనిచేసే హెబ్రోను అనే కుర్ర ఉద్యోగి. సన్నగా, పొడుగ్గా, నవ్వకుండా ఉంటాడు. మొదటి రోజే హజరత్తయ్య ఇళ్లకు పోయాడు. మొదటి ఇంట్లో తీగ మీద చీర ఆరేసి ఉంది, దాని అంచుకు అంగడి వాళ్ల ధర చీటీ వేలాడుతోంది. గుమ్మం ముందు రెండు చెప్పులున్నాయి, రెండూ ఎడమకాలివే. రెండో ఇంట్లో రేడియో మోగుతోంది, తలుపు కొడితే ఎవరూ రాలేదు. లోపల అరవంలో వార్తలు చెబుతున్నారు. మూడో ఇంట్లో హజరత్తయ్యే లుంగీ కట్టుకుని, ఒంటి మీద బనియనుతో కూర్చుని, ఎవరో తెలియనట్టు పేపరు చదువుతున్నాడు.

"పెద్దాయనా, మిమ్మల్ని పొద్దున్నుంచి మూడిళ్లలో చూసినాను," అన్నాడు హెబ్రోను. "మీ ఆరోగ్యం జాగ్రత్త."

మూడింటికీ తాళం అనే రాసుకుని పోయాడు. వంటగది చూస్తున్నాడట, పొయ్యి గొట్టం తడుముతున్నాడట, కరెంటు మీటరు చూస్తున్నాడట, అని కాలనీ అంతా పాకింది. రేపు బుధవారం నరేంద్రబాబు వీధి.

నరేంద్రబాబు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పేరు బోర్డు మీద పడుతుంది. తన పేరును కాగితం మీద అడుగున సంతకంగా చూసుకోవడం అలవాటే గానీ, పైన జాబితాలో చూడటం అలవాటు లేదు. ఇంట్లో మనుషులుండాలి. ఒక పూట చాలు. తమ్ముడి కొడుకును పిలుద్దామా అనుకున్నాడు. చుట్టం లోపలికి వస్తే బయటికి రాడు, పైగా వాటా అంటాడు. ఫ్యాక్టరీ కుర్రాళ్లను పిలుద్దామా, మంచం వేసుకుని బీడీలు కాలుస్తారు. భయపడే మనిషి కావాలి. పొమ్మంటే పోయే మనిషి కావాలి. చూస్తే నిజమనిపించాలి. అప్పుడు ఆయనకు స్తంభం పట్టుకుని నిలబడ్డ వాణి గుర్తొచ్చింది. ఏడో నెల కడుపును ఎవరూ ధర చీటీతో సహా ఆరేయరు. ఇంత మంచి ఆలోచన తనకు ఎలా వచ్చిందా అని ఆయనకే ముచ్చటేసింది.

తెల్లారకముందే నాగులమ్మ గుడిసెకు ఆయనే నడిచిపోయాడు. తొమ్మిదేళ్లలో ఆ వైపు పోవడం అదే మొదలు. ఒక పూట పని, రెండు గంటలు, ఊరికే కాదు, వాణికి ఒక చీర కూడా పెడతామన్నాడు. రెండు నెలల నుంచి ఉంటున్నామని చెప్తే చాలన్నాడు. నాగులమ్మ కూతురిని పిలిపించి, ఆమె మొహం వైపు చూసింది. వాణి ఒక్కటే అడిగింది.

"నేను ఆ ఇంట్లో కాలు పెట్టొచ్చా సార్? ఏడో నెల గదా. మీరే చెప్పినారు."

"నేను చెప్తా ఉండా గదమ్మా, ఏం కాదు," అన్నాడు నరేంద్రబాబు. "కుడికాలు పెట్టు."

ఆయన దేన్నైనా చేస్తే పద్ధతిగా చేస్తాడు. హజరత్తయ్యలా చెప్పులు ఎడమవి రెండు పెట్టే మనిషి కాదు. మాల్యాద్రి గదిలోని సామాను మొత్తం తెమ్మన్నాడు. మంచం, ట్రంకుపెట్టె, గ్యాసు పొయ్యి, సిలిండరు, గిన్నెలు, చేపలకూర చట్టి, బిందె, చాప, శివ లుంగీలు, దువ్వెన. సగం సామానుతో ఇల్లు సంసారంలా కనపడదన్నాడు. ట్రాలీ ఆటో ఆయనే మాట్లాడాడు. ఇది చూసి మాల్యాద్రి చాలా సంతోషపడి, తన గది ఆ పొద్దే కడిగించుకుని ఇంకొకరికి ఇచ్చేశాడు. ఆ సంగతి నరేంద్రబాబుకు తెలియదు. తెలిసినా ఆయన అప్పుడు వినే స్థితిలో లేడు. ఫ్యాను కవర్లు తీస్తున్నాడు.

అవి తీయడం ఆయనకు కష్టమైంది. స్విచ్చుల స్టిక్కర్లు ఒక్కొక్కటే గోటితో గీకాడు. అంతకన్నా పెద్ద పరీక్ష క్యాలెండరు. సంసారం ఉన్న ఇంట్లో గోడకు క్యాలెండరు ఉంటుంది, హెబ్రోను తప్పకుండా చూస్తాడు. క్యాలెండరుకు మేకు కావాలి. శివ సుత్తి పట్టుకుని వస్తే నరేంద్రబాబు లాక్కున్నాడు. తన గోడకు ఇంకొకడు మేకు కొట్టడం ఆయన చూడలేడు. గోడ మీద చెయ్యి పెట్టి, ఇక్కడా అక్కడా అని కొలిచి, కళ్లు మూసుకుని తనే కొట్టాడు. తొమ్మిదేళ్లలో అది మొదటి మేకు. పెచ్చు ఊడలేదు. అంత మంచి గోడ అని ఆయనకే అప్పుడు తెలిసింది.

ఇక పాల సంగతి వనజాక్షి తెచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించకుండా ఇంకేదైనా వండితే ఇంటికి అరిష్టం. నాటకమైనా సరే, అగ్ని అగ్నే. ఆమె పంచాంగం చూసి తొమ్మిదీ పదికి మంచి ఘడియ అంది. గడపకు నాగులమ్మ చేత పసుపు రాయించింది. రాసి నాగులమ్మ మళ్లీ వీధిలోనే నిలబడింది. ఆమెను రమ్మనాలని ఎవరికీ తోచలేదు. వాణి కుడికాలు పెట్టి లోపలికి పోయి, కిటికీ దగ్గర పొయ్యి పెట్టుకుని, పాలు పొంగించింది. పాలు గిన్నె అంచు దాటి తూర్పు వైపు కారాయి. వనజాక్షి అది చూసి, అలవాటు కొద్దీ, వాణి నుదుట కుంకుమ పెట్టి, కళ్లు తుడుచుకుంది. తూర్పుకు పొంగడం చాలా మంచిదట. గృహప్రవేశం నాడు వాళ్ల పాలు పడమటికి పొంగాయి.

పదిన్నరకు హెబ్రోను వచ్చాడు. హజరత్తయ్యతో పాటు ఇంకో పదిమంది తాళాల ఓనర్లు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. నరేంద్రబాబు ఎలా గట్టెక్కుతాడో చూసి నేర్చుకోవాలని వాళ్ల ఆశ.

హెబ్రోను క్యాలెండరు చూశాడు. పొయ్యి గొట్టం తడిమాడు, అది వేడిగా ఉంది. వాణిని చూసి కూర్చోమన్నాడు. ఆ ఇంట్లో ఆమెను కూర్చోమన్న మొదటి మనిషి అతనే.

"ఎన్నాళ్ల నుంచి ఉంటా ఉండావక్కా?"

నరేంద్రబాబు వెనక నుంచి రెండు వేళ్లు చూపించాడు.

"ఈ పొద్దే పాలు పొంగించినాం," అంది వాణి.

గేటు దగ్గర ఎవరో దగ్గారు. నరేంద్రబాబు రెండు వేళ్లను మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. హెబ్రోను ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇవాళ్టి నుంచి అని రాసుకున్నాడు. కొత్తగా వచ్చినా వచ్చినట్టేనట, తాళం జాబితాలోంచి తీసేస్తాడట, పన్ను తగ్గింపు కూడా వస్తుందట. మూడు నెలలకొకసారి తనే వచ్చి చూసుకుంటాడట. ఉంటున్నవాళ్ల పేర్లు రాసి, ఓనరు సంతకం పెట్టమన్నాడు. నరేంద్రబాబు ఎంత తేలికపడ్డాడంటే, అడిగినచోట మాత్రమే కాక అడగనిచోట కూడా పెట్టాడు.

హెబ్రోను రిజిస్టరు మూసి, పోతూ పోతూ ఆగాడు.

"సార్, రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను కూడా వచ్చినాను మీ దగ్గరికి. ఈ ఇంటికే. చెప్తామన్నారు."

నరేంద్రబాబుకు గుర్తు రాలేదు. ఎంతమందినని గుర్తు పెట్టుకుంటాడు.

"ఇప్పుడు యాడుంటా ఉండావు నాయనా?"

"సంగం ఊళ్లో సార్. రోజూ రెండు బస్సులు," అని, చెప్పులేసుకుని పక్కింటికి పోయాడు.

గేటు దగ్గరి గుంపు నరేంద్రబాబు చెయ్యి పట్టుకుని ఊపింది. ఆయన అందరికీ నమస్కారాలు పెట్టి, పంపించి, లోపలికి వచ్చి, చేతులు దులుపుకుని, ఇక సర్దండి అన్నాడు. ట్రాలీ ఆటో మలుపులోనే నిలబెట్టి ఉంచానన్నాడు. వాణి కదల్లేదు. కిటికీ పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. పొయ్యి మీద చట్టి పెట్టి ఉంది. నాగులమ్మ కిటికీలోంచి అందించిన మత్తగిడస చేపలు పక్కన కడిగి పెట్టి ఉన్నాయి.

"ఎట్టా సర్దేది సార్," అంది వాణి. "గర్భిణి మెట్టిన ఇంట్లోంచి కానుపయ్యేదాకా కదిలించకూడదంట. కదిలిస్తే కదిలించినోళ్ల ఇంటికి తగులుతుందంట. మీ ఇంటికి తగిలితే నాకు బాగుంటుందా?"

ఆమె గొంతు పెంచలేదు. ఆయన మేలు కోరి చెప్పినట్టే చెప్పింది. చింతపండు గిన్నె మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది. శివ గోడవైపు తిరిగి, ఇంతకుముందే కొట్టిన మేకును చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

నరేంద్రబాబు నవ్వాడు. అది అప్పుడు ఏదో మాల్యాద్రికి చెప్పిన మాటన్నాడు. ఇది నాటకం గదా, నాటకంలో మెట్టినట్టు కాదన్నాడు. పోలీసులన్నాడు. పోలీసులనగానే తన సంతకం గుర్తొచ్చి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. కడకు భార్యను పిలిచాడు. ఇలాంటివి వనజాక్షి ఒక్క మాటతో తేల్చేస్తుంది, ఆయన అనుభవం.

వనజాక్షి మోకాలు పట్టుకుంటూ వచ్చి, చట్టిని, వాణిని, గడపను మార్చి మార్చి చూసింది.

"మీరు ఆ మాట ఎంతమందికి చెప్పినారు?" అంది మొగుడితో.

"ఎంతమందికి చెప్తేనేం?"

"కాలనీ అంతా చెప్పినారు. నేనే విన్నాను. శాస్త్రం అన్నారు. పాలు తూర్పుకు పొంగినాయి. నా చేత్తో కుంకుమ పెట్టినాను. ఇప్పుడు ఆ పిల్లను గడప దాటిస్తే, రేపు ఏమన్నా అయితే నా ఇంటికి తగల్దా? మీకేం, మీరు మాట అని వాకింగుకు పోతారు."

"మరి వాసన?" అన్నాడు నరేంద్రబాబు. ఆయన దగ్గర మిగిలిన ఆఖరి వాదన అదే.

"కిటికీ తెరిచే ఉండాది గదా," అంది వనజాక్షి.

అప్పుడామె వీధి వైపు తిరిగి, నాగులమ్మను లోపలికి రమ్మంది. నాగులమ్మ గడప దగ్గర ఆగింది. నాలుగేళ్ల అలవాటు, కాలు లేవలేదు. వాణి లోపలి నుంచి చూస్తోంది. నాగులమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, తను పసుపు రాసిన గడపను తొక్కకుండా, పెద్ద కాలవ దాటుతున్నట్టు దాటింది.

ఆ తర్వాత కాలనీలో గర్భిణీ స్త్రీలంటే ఒక భయం పట్టుకుంది. హజరత్తయ్య తన మూడిళ్ల పేర్లు బోర్డు మీద చూసుకున్నాక, ఇద్దరు ఫ్యాక్టరీ వాళ్లకు ఒక ఇల్లు ఇచ్చాడు. ఇచ్చే ముందు వాళ్ల ఆడవాళ్లను ఎగాదిగా చూసి, ఎన్నో నెల అని అడిగి తిట్లు తిన్నాడు. మిగతావాళ్లు పన్ను కట్టడం మొదలుపెట్టి, పన్నులెంత పెరిగిపోయాయో సాయంత్రాలు బాధపడుతున్నారు. ఇళ్ల కరువు గురించి బాధపడటానికి ఇప్పుడు టైము చాలడం లేదు.

ఆదివారం పది గంటలకు నరేంద్రబాబు వరండాలో కూర్చుంటున్నాడు. ఎవరూ రావడం లేదు. తాళాల గుత్తి మాత్రం నడుముకే ఉంది. ఎదురుగా కొత్తింటి తీగ మీద లుంగీలు, చీరలు, చిన్న చిన్న పాత గుడ్డలు ఆరుతూ ఉంటాయి. వాటిలో దేనికీ ధర చీటీ ఉండదు. మధ్యాహ్నం అక్కడి నుంచి చేపల పులుసు ఒక గిన్నెలో వస్తుంది. ఆయన మొదటి వారం తినలేదు. రెండో వారం చింతపండు ఎక్కువైందన్నాడు. మూడో వారం గిన్నె ఇంకా రాలేదేమని వనజాక్షిని అడిగాడు.

వాణికి కాన్పు ఆస్పత్రిలో అయింది, ఆడపిల్ల. కాన్పు అయింది గదా అని నరేంద్రబాబు శాస్త్రం ప్రకారం పొమ్మనడానికి కదిలాడు. పచ్చి బాలింతను పొమ్మంటారా అని వనజాక్షి శాస్త్రం ప్రకారమే కూర్చోబెట్టింది. మూడో నెల దాటాలంది. అది దాటేసరికి హెబ్రోను మళ్లీ చూసుకోవడానికి వస్తాడు.

ఇరవై ఒకటో రోజు బిడ్డను ఉయ్యాల్లో వేస్తారు. హాల్లో ఉయ్యాల కట్టడానికి సీలింగుకు కొక్కెం కావాలి. శివ డ్రిల్లింగు మిషను బాడుగకు తెచ్చుకుని స్టూలెక్కబోతుంటే, మిషను చప్పుడు విన్న నరేంద్రబాబు వీధి దాటి పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడ పడితే అక్కడ బొక్క పెడితే స్లాబు దెబ్బతింటుందని, దూలం ఎటు పోయిందో కట్టించినవాడికి తప్ప ఎవరికీ తెలియదని అరిచాడు. శివను దింపేశాడు. పంచె ఎగ్గట్టి, మిషను తీసుకుని, తనే స్టూలెక్కాడు.

"గట్టిగా పట్టుకో అబ్బయా," అన్నాడు శివతో. "ఇది ఇప్పటికి మాత్రమే. తీసేసి సిమెంటు పూడ్చేది కూడా నేనే."

కింద చాప మీద నాగులమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, బిడ్డ కళ్లలో సిమెంటు పొడి పడకుండా కొంగు కప్పింది.